ఆకుపచ్చ చీర, రెండు పేలికలు

ఆ పెట్టెల మీద అంటించిన పేర్లు ఊడదీసింది నేనే. ఇంట్లో ఇంకెవరూ కాదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు.

అమెరికాలో మా అమ్మాయి ఉండే అల్ఫారెట్టాలో ఏప్రిల్ వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి రాలుతుంది. కారు మీద, మెట్ల మీద, వెనక వేసిన కుర్చీల మీద పసుపు చల్లినట్టు పేరుకుంటుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. ఆ నెలంతా నా చేతిలో తడిగుడ్డ ఉంటుంది.

"అత్తయ్యగారూ, మీరు తుడవడం ఆపితే అదే సిగ్గుపడి ఆగుతుంది" అంటాడు అల్లుడు.

నేను ఆపను. చేతులు ఊరికే ఉంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. ఒకచోట కూర్చోలేకే మూడో తరగతితో బడి మానేశానని మా అమ్మ అందరితో చెప్పేది. నిజానికి తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకునేవాళ్ళు లేక మాన్పించారు. అయినా ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

మా అమ్మాయి కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పనిలో ఉంది. జీతమిచ్చే ఆఫీసు పని ఒకటి, జీతం లేని పని ఇంకొకటి. ఆ రెండోదంటేనే దానికి ప్రాణం. ఏడాదికోసారి సెలవు పెట్టి తూర్పు ఆఫ్రికా వెళ్తుంది. అక్కడి యూనివర్సిటీల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్ళకి పదిహేను రోజులు పాఠం చెప్పి వస్తుంది. ఆ పదిహేను రోజులూ మనవరాలిని కనిపెట్టుకుని ఉండడానికే నేను మొదటిసారి ఈ దేశం వచ్చాను.

"సెలవు పెట్టి మరీ పని చేసేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను" అన్నాను దానితో.

"జ్వరంలో గచ్చు కడిగినదానివి, నువ్వు చెప్పకమ్మా" అంది.

ఈ పెట్టెల గొడవ జరిగిన ఏడు అక్కణ్ణుంచి ఒకావిడ మూడు వారాల శిక్షణకని వచ్చి మా ఇంట్లో దిగింది. కొండల మధ్య ఊళ్ళో ఒక యూనివర్సిటీ, అందులో కంప్యూటర్ గదికి ఆవిడే పెద్ద. నలభై లోపు మనిషి. హోటల్‌కి ఇచ్చిన డబ్బు మిగిల్చి దానితో తీగలు కొనుక్కుంటానందట. ఆ ఒక్క మాటతో నాకు నచ్చింది. తిన్న పళ్ళెం తనే కడిగేది. గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పేది. మా ఇంట్లో పుట్టిన పిల్లకి ఎనిమిదేళ్ళు చెప్పినా రాని అలవాటు అది. ఒకరోజు మొక్కజొన్న పిండితో సంకటి గెలికి పెట్టింది. మా రాగిసంకటికి తోబుట్టువులాగే ఉంది.

నన్ను 'మామా' అని పిలిచేది. వాళ్ళ వైపు పెద్ద ఆడవాళ్ళని అలాగే పిలుస్తారట.

"అత్తయ్యగారూ, మీకు ప్రమోషన్ వచ్చింది" అన్నాడు అల్లుడు. "అత్తనుంచి మామయ్యారు."

ఆవిడ ఏం పని మీద వచ్చిందో నాకు అర్థమయ్యేదాకా అడిగాను. ఇంగ్లీషులో ఆవిడ చెప్పడం, తెలుగులో మా అమ్మాయి చెప్పడం. అక్కడ ఆరు యూనివర్సిటీలు ఉన్నాయి. ఒక్కొక్కరికీ డాబా మీద ఒక్కొక్క పెద్ద గొడుగు, టీవీ డిష్ లాంటిది. ఆకాశంలోంచి ఇంటర్నెట్ దిగాలి. సన్నటి ధార, బోలెడు ఖరీదు. ఒక పేజీ తెరుచుకునేలోగా టీ కాచుకుని తాగి రావచ్చట. ఆరింటిలోకీ పెద్ద యూనివర్సిటీలో ఒక డాక్టరు ఉన్నాడు, ఊళ్ళు తిరిగి పిల్లల జ్వరాల వివరాలు రాసుకుంటాడు. అవి రాజధానిలో పెద్దాసుపత్రికి చేరాలి. కంప్యూటర్‌లో పంపిస్తే సగంలో తెగిపోతుంది. అందుకని డిస్కు మీదికి ఎక్కించి బస్సు కండక్టరు చేతికిస్తాడు.

"అవర్ ఇంటర్నెట్ ఈజ్ ద బస్, మామా" అంది ఆవిడ. అది నాకు తర్జుమా అక్కర్లేకుండానే తెలిసింది.

ఆరుగురూ కలిసి ఒకే పెద్ద తీగ తీసుకుని పంచుకుంటే అందరికీ ధార లావవుతుంది. నాలుగేళ్ళుగా ఆవిడ గుమ్మం గుమ్మం ఎక్కి చెప్తున్న మాట అదే. అయిదుగురు సరేనన్నారు. ఆ పెద్ద యూనివర్సిటీ మాత్రం మాకు మా గొడుగు ఉంది, చిన్నవాళ్ళతో పొత్తెందుకు అంది. చివరికి దాని వైస్ ఛాన్సలర్ ఒక గడువు పెట్టాడు. ఫలానా సోమవారం కలిపి చూపించండి, సాయంత్రం అయిదింటిలోపు నా కళ్ళతో చూస్తే సంతకం పెడతాను, లేకపోతే మా గొడుగుకే మరో మూడేళ్ళు రాసిచ్చేస్తాను అన్నాడు. ఆ పెద్దవాళ్ళు తప్పుకుంటే మిగతా అయిదుగురూ కలిసినా పెద్ద తీగ ఖర్చుకి చాలరు. నాలుగేళ్ళ తిరుగుడూ గాలికి పోతుంది.

"పెద్దిల్లు రాని పొత్తు నిలవదు" అన్నాను. మా అమ్మాయి ఆవిడకి ఆ మాట చెప్పింది. ఆవిడ తలూపి, నా వైపు చూసి, మళ్ళీ తలూపింది.

ఇక పెట్టెలు. ఊరు మారుతున్న ఏదో ఆఫీసువాళ్ళు ఊరికే ఇచ్చేశారు, ఆ పెద్ద తీగలోంచి ఎవరి ధార వాళ్ళకి మళ్ళించే ఆరు ఇనప పెట్టెలు. ఒక్కొక్కటీ మిఠాయి డబ్బా అంత వెడల్పు, దానికి రెండింతల పొడుగు. యూనివర్సిటీకి ఒకటి. శని ఆదివారాలు వాళ్ళిద్దరూ మా భోజనాల బల్ల మీద పెట్టుకుని, ఏ పెట్టె ఎవరిది, ఎవరి వంతు ఎంత, ఎటునుంచి రావాలి, ఎటు పోవాలి, అంతా లోపలికి ఎక్కించారు. పైన తెల్లటేపు అంటించి పేరు రాశారు. రాసి గరాజ్‌లో పెట్టారు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ విమానం. శుక్రవారం వాళ్ళిద్దరూ ఏవో తీగలు కొనడానికి వెళ్ళారు. సూట్‌కేసులు సర్దడం మా ఇంట్లో నా శాఖ. బరువు చూసే యంత్రం నేనెక్కి, తర్వాత సూట్‌కేసు ఎత్తుకుని ఎక్కి, అర కిలో తేడా రాకుండా సర్దుతాను. గరాజ్ తెరిచాను. పెట్టెల మీద వేలు పెడితే పుప్పొడి పచ్చగా అంటింది. దాని కింద పాత ఆఫీసువాళ్ళ కాగితాలు సగం చిరిగి, జిగురు నల్లబడి, అసహ్యంగా ఉన్నాయి. ఇంకొకరింటికి గిన్నె పంపేటప్పుడు తోమి పంపాలి. ఇవి సముద్రాలు దాటి ఆరిళ్ళకి వెళ్ళే గిన్నెలు.

ఊరగాయ సీసాల మీద కాగితం ఊడదీయడానికి నా పద్ధతి ఒకటుంది. కొబ్బరినూనె రాసి అరగంట వదిలేసి, పాత ప్లాస్టిక్ కార్డుతో గీరితే జిగురుతో సహా లేచి వస్తుంది. ఆరు పెట్టెలకీ పైనా కిందా పక్కలా నూనె పట్టించాను. గీరాను. పాత కాగితాలు పోయాయి, అంకెలు పోయాయి, తెల్లటేపులూ పోయాయి. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు చూశాను. కూడబలుక్కుంటే చదవగలను. పాత ఆఫీసువాళ్ళ రాతలే అయివుంటాయి అనుకుని కూడబలుక్కోలేదు. తెలియనిది అడిగి చెయ్యి అని ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని నేనే.

వాళ్ళు వచ్చేసరికి ఆరూ వరసగా మెరుస్తున్నాయి.

"అమ్మా, వీటి మీద టేపు ఏది?"

"ఏ టేపు?"

"తెల్లటేపు. పేర్లు రాసింది."

"చెత్తబుట్టలో ఉంది. జిడ్డు కూడా లేకుండా తీశాను, చూడు."

మా అమ్మాయి చూడలేదు. ఆవిడ గరాజ్ మెట్టు మీద కూర్చుంది. 

"అడగాలి కదమ్మా, ఒక ఫోన్ చేస్తే ఏం పోతుంది? నేను గరిట పక్కకి జరిపితేనే ఊరంతా వినేలా అరుస్తావు" అంది మా అమ్మాయి.

వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

ఒక్కొక్క పెట్టెనీ ల్యాప్‌టాప్‌కి తగిలించి లోపల ఏముందో చదివి ఏది ఎవరిదో తేల్చుకున్నారు. పొద్దుగూకేవేళకి తేలింది. మళ్ళీ పేర్లు రాసి టేపు అంటిస్తే అది నిలవదు. నూనె. తుడిచినా పెట్టె సందుల్లోంచి మళ్ళీ ఊరుతుంది. అప్పుడు నేనే చెప్పాను, పెట్టె చెవులకి కన్నాలున్నాయి కదా, రంగు పేలిక కట్టండి అని. బొంత కుట్టడానికి ఇండియానుంచి తెచ్చుకున్న పాత వాయిల్ చీరలు నా దగ్గర ఉన్నాయి. పేలిక మీద పేరు రాయబోతే మార్కర్ సిరా పాకి మరకైంది. సరే, ఏ రంగు ఎవరిదో కాగితం మీద రాసుకుందామనుకున్నారు.

వంకాయ రంగు, పసుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ. అయిదయ్యాయి. ఆరోదానికి పాత చీర లేదు. ఉన్నవాటిలో ఇటుకరంగు చీర ఒకటి తీసి చూశాను. ఇంకా పదేళ్ళు కట్టుకోవచ్చు. మడిచి లోపల పెట్టేశాను. ఆకుపచ్చ చీరకి వేలెడు జరీ అంచు ఉంది. ఒక పేలిక ఒంట్లోంచి, ఒక పేలిక అంచులోంచి చింపాను.

"రెండూ గ్రీనే కదమ్మా" అంది మా అమ్మాయి.

"ఒకదానికి జరీ ఉంది. గుడ్డివాళ్ళకి కూడా తెలుస్తుంది."

అది కాగితం మీద రాసింది. ఉత్త ఆకుపచ్చ వ్యవసాయ కాలేజీకి, జరీ ఉన్నది ఆ పెద్ద యూనివర్సిటీకి. ఆవిడ బట్టలు సర్దుకోవడానికి లేచింది. నేను కూర్చుని పేలికలు కట్టాను.

శనివారం ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా రెండు చేతులూ పట్టుకుంది. నూనె వాసన ఇంకా పోలేదు. ఆదివారం దిగగానే అక్కడి విమానాశ్రయంలోనే ఆరు యూనివర్సిటీల డ్రైవర్లు కాగితం చూసుకుని, రంగు ప్రకారం ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకెళ్ళారని ఫోన్ చేసింది.

సోమవారం పొద్దున ఆరింటికి, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి, మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుంది. దాంట్లోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది. ఆవిడ తన యూనివర్సిటీలో ఉంది. మిగతా అయిదుచోట్లా పెట్టెలు తగిలించడానికి తలా ఒక మనిషి ఉన్నాడు, అంతకు మించి వాళ్ళకి ఏమీ తెలియదు. నేను ముందురోజే ఏరిన కందిపప్పు మళ్ళీ చేటలో పోసుకున్నాను.

ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. మూడు, నాలుగు. అల్లుడు కాఫీ కప్పు పట్టుకుని నిలబడి వేళ్ళు మడుస్తున్నాడు. ఆ తర్వాత రాలేదు. పెద్ద యూనివర్సిటీ రాలేదు, వ్యవసాయ కాలేజీ రాలేదు.

గంట గడిచింది. తీగ వేసిన కంపెనీవాళ్ళ తప్పేమో అంటుంది మా అమ్మాయి. కాదు, నేనే లోపల ఏదో తప్పు రాశాను, అలసిపోయి ఉన్నాను అంటుంది ఆవిడ. పెట్టెలో ఏముందో చూడాలంటే ఆవిడే స్వయంగా వెళ్ళాలి, సగంరోజు దారి. పెద్ద యూనివర్సిటీలో ఆ వైస్ ఛాన్సలర్ ఇప్పటికి రెండుసార్లు గదిలోకొచ్చి గడియారం చూసి వెళ్ళాడట.

"రెండూ ఒకేసారి ఎందుకు పోతాయి?" అంది మా అమ్మాయి తనలో తాను, కాగితం చూస్తూ. "గ్రీన్. గ్రీన్ విత్ గోల్డ్."

నా చేట ఆగింది.

ముడి వేసేటప్పుడు నేను పేలికని నిలువునా మడిచాను. చింపిన అంచు పైకుంటే దారాలు లేస్తాయి. చిన్నప్పటినుంచీ ఏ గుడ్డ మడిచినా చింపు లోపలికి పెట్టడమే నాకు తెలుసు. చింపుతోపాటు జరీ కూడా లోపలికి పోయింది. పైకి చూస్తే రెండూ ఉత్త ఆకుపచ్చే. మొదట వచ్చిన డ్రైవరు చేతికందిన ఆకుపచ్చ పట్టుకుని వెళ్ళివుంటాడు.

ఎవరికీ తెలియదు. ఆవిడ తన తప్పే అనుకుంటోంది. తప్పు నాది అన్న మాట ఆనాటిదాకా నేను మా ఆయన దగ్గర అనలేదు, పిల్లల దగ్గర అనలేదు. ఎదురుగా అల్లుడు నిలబడి ఉన్నాడు. పప్పు అటూ ఇటూ రెండుసార్లు చెరిగేంతసేపు నేను ఊరుకున్న మాట నిజం.

"ఆ ముడి విప్పి చూడమను" అన్నాను.

"ఏ ముడమ్మా?"

"పెద్దవాళ్ళ దగ్గరున్న పెట్టెకి కట్టిన పేలిక. ముడి విప్పి, మడత తీసి చూడమను. లోపల జరీ లేకపోతే ఆ పెట్టె వాళ్ళది కాదు."

"జరీ లోపలెందుకుంటుంది?"

"నేనే మడిచాను. దారాలు లేస్తాయని. తప్పు నాది, ఆవిడది కాదని ముందు చెప్పు."

అల్లుడు కప్పు బల్ల మీద పెట్టాడు. "దారాలు మాత్రం ఒక్కటీ లేవలేదు అత్తయ్యగారూ" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు కాదు అల్లుడుగారూ."

ఆవిడ పెద్ద యూనివర్సిటీకి ఫోన్ చేసింది. అక్కడి మనిషి ముడి విప్పాడు. జరీ లేదు. వ్యవసాయ కాలేజీలో విప్పించింది. ఉంది. రెండు ఊళ్ళకీ మధ్య రెండు గంటల దారి. వానలు మొదలైన రోజులట. అటునుంచి ఒకడు, ఇటునుంచి ఒకడు, పెట్టె గోనెసంచిలో చుట్టుకుని మోటార్‌సైకిల్ మీద బయల్దేరాలి. నడిమధ్య పెట్రోలు బంకు దగ్గర మార్చుకుని వెనక్కి తిరగాలి. అన్నీ సవ్యంగా జరిగితే అయిదింటికి ముందే చేరతారు. మాకు పొద్దున పది లోపు.

ఆ రెండు గంటలూ నేను ఇంట్లో ఉండలేకపోయాను. మెట్లు తుడిచాను. కారు తుడిచాను. పక్కింటివాళ్ళ పోస్టు డబ్బా తుడిచాను. నా కళ్ళముందు ఎప్పుడూ చూడని ఎర్రమట్టి దారి, దాని మీద ఒక మోటార్‌సైకిల్. మనవరాలు స్కూల్ బస్సెక్కుతూ, "అమ్మమ్మా, యూ ఓకే? వాళ్ళ హౌస్ ఎందుకు తుడుస్తున్నావు?" అంది. నువ్వు బస్సెక్కు అన్నాను.

పది కావస్తుండగా లోపల్నుంచి మా అమ్మాయి పిలిచింది. వెళ్ళాను. దాని ముఖం చూస్తే ఏదీ తెలియలేదు.

"ఆరూ వచ్చాయమ్మా."

"అయితే ఆ ముఖమేంటి?"

"ఆయన నాలుగున్నరకే వెళ్ళిపోయాడట. చూసింది చాల్లే అన్నాడట. వాళ్ళ పెట్టె ఆ తర్వాత ఇరవై నిమిషాలకి వచ్చింది."

గడువు అయిదు. నాలుగు యాభైకి వచ్చింది. చూడాల్సిన కళ్ళు లేవు. కంప్యూటర్‌లోంచి ఆవిడ గొంతు సన్నగా ఏదో అడిగింది.

"మామా ఏం చేస్తోందని అడుగుతోంది" అంది మా అమ్మాయి.

"చెప్పు, తుడుస్తోందని."

చెప్పింది. తర్వాత ఆవిడ మళ్ళీ ఏదో అంది. వాళ్ళమ్మ అయితే ఒప్పుకునేది కాదు, చచ్చినా ఆ ముడి సంగతి చెప్పేది కాదు అందట. అది మెచ్చుకోలో, ఓదార్పో నాకు తెలియలేదు. ఏదైనా నాకు అప్పుడు అక్కర్లేదు.

ఆ రోజంతా ఏ కబురూ లేదు. మా అమ్మాయి ఆఫీసుకెళ్ళింది. నేను అన్నం పెట్టుకుని తినలేక తీసేశాను. నా బట్టల పెట్టె తెరిచి ఇటుకరంగు చీర తీసుకుని, కత్తెర పెట్టి గాటు పెట్టి, నిలువునా చింపాను. మంచి నేత. చింపితే చప్పుడైంది. అమ్మాయి సాయంత్రం వచ్చి చూసింది.

"ఇప్పుడెందుకమ్మా ఇది?"

"శుక్రవారం చింపాల్సింది."

అది నా పక్కన కూర్చుని ఆ పేలికలు ఒక్కొక్కటీ చుట్టడం మొదలుపెట్టింది. మామూలుగా అయితే అలా కాదు, ఇలా చుట్టాలి అని లాక్కునేదాన్ని. ఆ రోజు ఊరుకున్నాను.

మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆవిడ గబగబా చెప్తోంది, మా అమ్మాయి మధ్య మధ్య నాకు తెలుగులో చెప్తోంది. ముందురోజు సాయంత్రం పెద్ద యూనివర్సిటీలో అందరూ వెళ్ళిపోయాక, జ్వరాల డాక్టరు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడట. బస్సుకి ఇవ్వాల్సిన డిస్కు జేబులో ఉంది. ఏమవుతుందో చూద్దామని అందులోది పంపాడు. టీ సగం తాగేసరికి వెళ్ళిపోయింది. నమ్మలేక ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అందింది అన్నారు. అప్పటికీ నమ్మక మళ్ళీ పంపాడు, మళ్ళీ అందింది. డిస్కు పట్టుకుని నేరుగా వైస్ ఛాన్సలర్ ఇంటికెళ్ళి బల్ల మీద పెట్టి, ఇది ఇవాళ బస్సెక్కలేదు, మీ దగ్గర ఉంచుకోండి అన్నాడట.

"అయితే?" అన్నాను.

"పొద్దున ఆఫీసుకి రాగానే సంతకం పెట్టాడమ్మా."

పొయ్యి కట్టేసి కుర్చీ లాక్కున్నాను. కూర్చుని కాసేపైందో లేదో మళ్ళీ లేచాను.

తర్వాత ఆ దేశానికి సముద్రం అడుగునుంచి తీగ వచ్చింది. ఆరుగురు పదకొండుమంది అయ్యారు. పక్క దేశంవాళ్ళు కూడా అదే పద్ధతిలో కలుస్తామన్నారు. మా గరాజ్‌లో పాత పెట్టెలు వస్తూనే ఉన్నాయి, వెళ్తూనే ఉన్నాయి. పుప్పొడి పట్టినా నేను వాటిని ముట్టుకోను. పేలికలు మాత్రం నేనే కడతాను. ఒక విడతలో ఏ రెండు పెట్టెలకీ ఒకే చీర కట్టను. ఇటుకరంగుది అయిపోయింది, ఇప్పుడు దాని బదులు నెమలికంఠం రంగుది నడుస్తోంది. చింపు లోపలికి మడవబోయి నా వేళ్ళు ప్రతిసారీ ఆగుతాయి. మడవను. దారాలు లేస్తే లేవనీ.